మూత తీసిన తొట్టి

రండమ్మా, రండి, దగ్గరగా జరిగి కూర్చోండి. గుమ్మం దగ్గర నిలబడ్డ బాబుగారూ, మీ చెప్పులు ఎవరూ ఎత్తుకుపోరు, లోపలికి రండి. ఒక కన్ను చెప్పుల మీద పెట్టి వినే కథ కాదిది. స్వామి దయవల్ల ఈపూట గొంతు కూడా బాగుంది. వినండి.

బాపట్లలో సంపత్కుమారాచార్యులవారని ఒక పెద్దాయన ఉండేవారు. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని గీత చెప్పేవారు. ఆయనకో అలవాటు. ఎవరైనా ప్రశ్న వేస్తే జవాబు చెప్పరు, "పద, మీ ఇంటికి వెళదాం" అంటారు. శిష్యుల ఇళ్ళలో కాఫీ కోసమేనని గిట్టనివాళ్ళు అనేవారు. కొంత నిజం ఉంటే ఉండవచ్చు.

ఒక శుక్రవారం పానకాలరావు అనే శిష్యుడు వచ్చి, "స్వామీ, అనుమానించడం పాపమా?" అని అడిగాడు. ఈయన సబ్ రిజిస్ట్రారుగా చేసి రిటైరైనవాడు. వేలిముద్ర వేస్తే, ముద్రనే కాదు, వేలిని కూడా తిప్పి చూసిన మనిషి.

"ఎవరిని నాయనా?"

"మా వదినను. నా భార్య పోయాక ఇల్లు చూసుకుంటున్నది ఆవిడే. నా భార్య పెంచిన చేపలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి స్వామీ. ఇక ఒక్కటే మిగిలింది. వదిన తెల్లవారగానే తొట్టి దగ్గర నిలబడుతుంది. పెదాలు కదుపుతుంది. చెయ్యి నీళ్ళమీదికి పోతుంది. తర్వాత గుప్పిట మూసుకుని పెరట్లోకి వెళుతుంది. ఆ గుప్పిట్లో ఏముంది?"

"అడిగావా?"

"అడిగితే చెబుతుందా? సాయంత్రం బస్సుకు రేపల్లెలో వాళ్ళ చెల్లెలింటికి పంపేస్తున్నాను."

"పద, మీ ఇంటికి వెళదాం" అన్నారు ఆచార్యులవారు.

వెళ్ళేసరికి వదిన తాయారమ్మ సంచీ పక్కన పెట్టుకుని గుమ్మంలోనే కూర్చుని ఉంది. "వేళకు వచ్చారు స్వామీ. పోలీసులకు అప్పగించకుండా మా మరిది నన్ను బస్సుకు అప్పగిస్తున్నాడు. చేపలకు విషం పెట్టానట!" అని పానకాలరావు వైపు తిరిగింది. "పెట్టేదాన్నయితే చేపలకెందుకు పెడతానయ్యా? పూటపూటా నీ కంచంలో వడ్డించేవి ఈ చేతులే కదా!"

ఆచార్యులవారు ఫక్కున నవ్వారు. పానకాలరావు మాత్రం మధ్యాహ్నం తిన్న పప్పు గుర్తొచ్చినట్టు పొట్ట తడుముకున్నాడు.

లోపల దేవుడి గది పక్కనే చేపల తొట్టి. మిగిలిన ఆ ఒక్క చేప, నారింజ రంగుది, అడుగున మూలకు ఒదిగి బరువుగా మొప్పలాడిస్తోంది. తొట్టి అద్దం మాత్రం తళతళలాడుతోంది.

"ఎవరు తుడుస్తారు నాయనా?"

"నేనే స్వామీ. ఇంకొకరిని ముట్టుకోనివ్వను. ఇదివరకు లక్ష్మీదేవి వచ్చే రోజని శుక్రవారాలు తుడిచేవాణ్ణి. ఇప్పుడు రోజూ తుడుస్తున్నాను. అద్దం మసగ్గా ఉంటే వదిన చెయ్యి సరిగ్గా కనబడదు."

"మూత ఏదీ?"

"తీసేశాను. మూత ఉంటే ఏం వేస్తోందో తెలియడం లేదు."

ఆచార్యులవారు తాగడానికి నీళ్ళడిగారు. వదిన తెచ్చిన గ్లాసును బీరువా ముందున్న స్టూలు మీద పెట్టి, "తొట్టి జోలికి ఇప్పుడు పోవద్దు. రోజూ ఎలా తుడుస్తావో ఈ బీరువా అద్దం మీద చూపించు" అన్నారు.

పానకాలరావు అద్దాలు తుడిచే మందున్న స్ప్రే సీసా తెచ్చి, అద్దం మీద మందు చిమ్మి, కింద నుంచి పైదాకా తుడిచాడు. సన్నటి తుంపర గదిలో తేలింది. ఘాటుకు వదిన ముక్కు మీద కొంగు పెట్టుకుంది. ఆచార్యులవారు స్టూలు మీది గ్లాసు తీసి శిష్యుడికి అందించారు.

"అలసిపోయావు. తాగు."

"వద్దు స్వామీ. అందులో మందు పడి ఉంటుంది."

"నువ్వు కొట్టింది అద్దం మీద కదా?"

"అద్దం మీద కొడితే మాత్రం... తుంపర గాలికి వచ్చి..." పానకాలరావు తన చేతిలోని సీసా వైపు చూశాడు. మూత లేని తొట్టి వైపు చూశాడు. "మరి ఆ గుప్పిట వదినా?" అన్నాడు.

"చచ్చిపోయిన వాటిని తీసేదాన్ని. నువ్వు లేచి చూస్తే ఆ రోజంతా అన్నం ముట్టవని. గోవిందా గోవిందా అనుకుంటూ మల్లెపాదులో పూడ్చేదాన్ని. అడిగితే చెప్పేదాన్ని అబ్బాయ్."

ఇద్దరూ కలిసి తొట్టిలో నీళ్ళు కొంత తోడి, పట్టి ఉంచిన నీళ్ళు మెల్లగా పోశారు. పానకాలరావు మూత వెతికి తెచ్చి మూశాడు. ఆ తర్వాత గుమ్మంలోకి వెళ్ళి, వదిన సంచీ ఎత్తుకుని లోపలికి నడిచాడు.

"జాగ్రత్త! అందులో ఏముందో చూసుకుని మరీ మొయ్యి" అంది తాయారమ్మ వెనక నుంచి. అతను సంచీ వైపు చూడలేదు.

ఆచార్యులవారు చెప్పులు తొడుక్కుంటుంటే పానకాలరావు పరుగున వచ్చి, "స్వామీ, నా ప్రశ్నకు జవాబు చెప్పనేలేదు" అన్నాడు.

"ఇందాక నీ చేతి మందే పడి ఉంటుందని గ్లాసును అనుమానించావు చూడు నాయనా, అది పాపం కాదు" అని ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఆ రోజు కాఫీ కూడా తాగలేదు.

అమ్మా, అయ్యా, ఇళ్ళకు వెళ్ళాక కథ మరిచిపోయినా ఫరవాలేదు, ఒక్క పని గుర్తుంచుకోండి. తొట్టి అద్దం మసకబారితే ముందు మూత వేయండి. మెత్తటి పాతగుడ్డ పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, అక్కడ ఉత్త నీళ్ళతో తడిపి, గట్టిగా పిండి, అప్పుడు లోపలికి వచ్చి తుడవండి. రేపూ అలాగే చేయండి. వచ్చే శుక్రవారమూ అలాగే.