దూదయ్య ఇంటి సింహం కూజా

అనగనగా తెల్లమట్టి దొరికే ఒక అడవిలో ముళ్లమ్మ అనే ముళ్లపంది ఉండేది. పింగాణీ గిన్నెలు చేయడంలో ఆమెను మించినవారు లేరు. మట్టి పచ్చిగా ఉన్నప్పుడే తన ముల్లుతో కళ్లూ ముక్కూ గీసేది. ఆవంలో కాల్చి అద్దంలా మెరిపించేది. ఎవరింటి గిన్నెలు వాళ్ల రూపంలో చేయించుకోవడం అక్కడి ఆచారం. నెమలి ఇంట్లో నెమలి పళ్లేలు, తాబేలు ఇంట్లో తాబేలు మూతలు.

ఆ అడవిలో దూదయ్య అనే కుందేలుకు కూతురు పుట్టింది. బారసాలకు కొత్త గిన్నెలు కావాలని అతను ముళ్లమ్మ దగ్గరకు వెళ్లాడు.

"కూజాకు పొడుగు చెవులు పెడతాను దూదయ్యా. పట్టుకోవడానికీ వీలు," అంది ముళ్లమ్మ.

"కుందేలు కూజాను చూసి నన్నెవరు గౌరవిస్తారక్కా? నాకు సింహం కావాలి. కోరలుండాలి, గోళ్లుండాలి."

"వాటిలో తినేదెవరు?"

"మా చుట్టాలే."

"వాళ్లు నీకు చుట్టాలా, సింహానికా?"

దూదయ్య చెవులు విదిలించాడు. "అడిగింది చేసిపెట్టక్కా, చాలు!"

ముళ్లమ్మ మట్టి పిసకడం మొదలుపెట్టింది.

బారసాల రోజు వచ్చింది. ఆ అడవిలో బిడ్డకు పేరు పెట్టే పెద్ద ముందుగా ఆ ఇంటివాళ్లు పోసిన పాలు తాగాలి. పొద్దు వాలేలోగా అది జరగకపోతే మళ్లీ పున్నమి దాకా బిడ్డకు పేరుండదు.

మొదట జింక బావ పాయసానికి కూర్చున్నాడు. సగం తిన్నాడో లేదో, పళ్లెం అడుగు నుంచి రెండు ఎర్రని కళ్లు పైకి తేలాయి. "అమ్మో, ఇది నన్నే చూస్తోంది!" అని ఒక్క గంతులో కంచె దాటాడు.

తర్వాత కౌజుపిట్ట వదిన గిన్నె ఎత్తబోయింది. అడుగున గోళ్లు తగిలాయి. "నాకు ఆకలి లేదన్నయ్యా, పొద్దున్నే తిన్నాను," అంటూ తుప్పలో దూరింది.

చివరికి ఉడుత అవ్వ వంతు. పేరు పెట్టాల్సింది ఆమే. దూదయ్య కూజా వంచాడు. కోరల మధ్య పాలచుక్క మెరిసింది.

"దోసిలి పట్టు అవ్వా."

"ఆ నోటి కిందా? నా చేతులు నాకింకా కావాలిరా అబ్బాయ్!"

"బొమ్మే కదా!"

"నీకు బొమ్మే బావా," అన్నాడు కంచె అవతల నుంచి జింక. "మా నాన్నను ఎత్తుకుపోయిన మూతి అచ్చం అలాగే ఉండేది."

దూదయ్య వంచిన కూజాను నిలబెట్టాడు.

"పొద్దు వాలిపోతోంది. నా బిడ్డ పేరు లేకుండానే ఉండిపోవాలా?" అంది భార్య తెల్లమ్మ. ఆమె ఒడిలోని పసిది కూజా వైపు చూసి, కెవ్వుమని ఏడ్చి, తల్లి పొట్టలో మొహం దాచుకుంది.

తన బిడ్డే తన ఇంటి కూజాను చూసి వణుకుతోంది! దూదయ్యకు సిగ్గేసింది. గబగబా సింహాలన్నిటినీ బుట్ట కింద బోర్లించాడు. పరుగున వెళ్లి మోదుగాకులు కోసుకొచ్చి దొన్నె కుట్టాడు. అందులో పాలు పోసి రెండు చేతులతో అవ్వకు అందించాడు.

అవ్వ గటగటా తాగింది. మీసాలకు అంటిన నురగ తుడుచుకుని, పసిదాని చెవిలో "చిట్టిమల్లీ, చిట్టిమల్లీ, చిట్టిమల్లీ" అంది. అప్పటికి కొండ మీద ఎండ ఒక గీతంత మిగిలి ఉంది.

జింక బావ కంచె దాటి వచ్చాడు. కౌజుపిట్ట వదినకు ఉన్నట్టుండి ఆకలి వేసింది. "ఆకులో ఇంకో గరిటె వెయ్యవోయ్, పిసినారీ!" అని అవ్వ కేకేసింది. దూదయ్య నవ్వుతూ వడ్డించాడు. ఆ సాయంత్రం అతని ఇల్లు గొప్పదని ఎవరూ అనలేదు. చీకటి పడినా ఎవరూ లేవనూ లేదు.

నీతి: ఇంటికి వచ్చినవారిని బెదరగొట్టే గొప్ప గొప్ప కాదు, వాళ్లు నిశ్చింతగా కూర్చుని తినగలగడమే ఆ ఇంటికి గౌరవం.