భుజంగం సామాను

ఎవరు ఏమడిగినా ముందు వాళ్ల చేతికి ఒక పని అప్పగించడం విమలబోధ స్వామివారి అలవాటు. జవాబు ఆ తర్వాత. ఒక్కోసారి ఆ పనితోనే సరిపెట్టేసేవారు.

శిష్యుడు భుజంగం ఒకప్పుడు ఆఫీసు గుమాస్తా. ఇదివరకే రెండు ఆశ్రమాలు చూసి వచ్చినవాడు. మొదటిచోట భోజనం సయించలేదు, రెండోచోట తోటివాళ్లు సయించలేదు. ఇక్కడ ఆ రెండూ సయించడం లేదు. ఒకరోజు పొద్దున్నే సంచి సర్దుకుని, దాన్ని గుమ్మం దగ్గర పెట్టి, స్వామివారి ముందు నిలబడ్డాడు.

"స్వామీ, ఎక్కడికెళ్లినా కొన్నాళ్లకే మనసు విరిగిపోతోంది. నాకు శాంతి దొరికే చోటేదో మీరే చెప్పండి, వెళ్లిపోతాను."

"చెబుతాలే నాయనా. ముందు ఆ కంప్యూటర్ సంగతి చూడు. నా గీతా వ్యాఖ్యానం అందులో చిక్కుకుపోయింది."

దాన్ని టైపు చేసేది భుజంగమే. రాసుకునే ప్రోగ్రామ్‌ను తన ఇష్టం వచ్చినట్టు నానా రకాలుగా మార్చుకున్నాడు. ఈమధ్య అది తెరుచుకున్నట్టే తెరుచుకుని టక్కున మూతపడుతోంది. భుజంగం దాన్ని పూర్తిగా తీసేసి కొత్తగా వేశాడు. మళ్లీ అదే తంతు. తిట్టుకుంటూ మరోసారి తీసేసి, మళ్లీ వేశాడు. ఉహూఁ. స్వామివారు పక్కనే కూర్చుని దీపానికి వత్తులు చేసుకుంటున్నారు.

చివరికి భుజంగానికి తట్టింది. తన పేరుతో ఉన్న ఒక ఫోల్డర్‌ను వెతికి పట్టుకుని, దాని పేరు చివర 'పాతది' అని చేర్చాడు. వెనకటి పేరుతో ఏదీ దొరక్క, ప్రోగ్రామ్ తనంతట తాను కొత్త ఫోల్డర్ తయారుచేసుకుని బుద్ధిగా తెరుచుకుంది. వ్యాఖ్యానం ఒక్క అక్షరం పోకుండా భద్రంగా ఉంది.

"మరి కొత్తగా వేసినప్పుడే ఎందుకు బాగుపడలేదు?" అన్నారు స్వామివారు.

తెలిసిన సంగతి అడిగేసరికి భుజంగానికి హుషారొచ్చింది. "తప్పు ప్రోగ్రామ్‌ది కాదు స్వామీ. నేను చేసుకున్న మార్పులన్నీ నా పేరున ఈ ఫోల్డర్‌లో విడిగా ఉంటాయి. ప్రోగ్రామ్‌ను తీసేసినా ఇవి పోవు. ఎన్నిసార్లు కొత్తది తెచ్చి పెట్టినా, అది మొట్టమొదట వీటినే..."

మాట సగంలో ఆగిపోయింది. గుమ్మం దగ్గరున్న సంచి కంటపడింది. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

స్వామివారు తల ఎత్తలేదు. వత్తి మెలిపెడుతూనే, "బస్సుకింకా టైముంది నాయనా. ఆ ఫోల్డరు కూడా సంచిలో సర్దావో లేదో చూసుకో," అన్నారు.