గడప మీద నూనె గిన్నె

ఒకప్పుడు మన ఒంట్లో కొవ్వు కణం మొహం చూడనిదే ఎవరికీ చుక్క నూనె పోసేది కాదు. కణమంటే తెలుసుగా? ఇటుకలు పేరిస్తే గోడ, కణాలు పేరిస్తే మనం. ఒక్కొక్కటీ కంటికి ఆననంత చిన్నది. అయినా దాని పని దానికుంది.

ఈ కొవ్వు కణం పేరు బొద్దమ్మ. తిండి దొరికిన రోజుల్లో నూనె దాచడం, దొరకని రోజుల్లో పంచడం ఆమె పని. ఇంట్లో కాలు చాపుకునే చోటు లేదు, అంతా నూనే! ఆమె నూనె మీద ఎక్కువగా ఆధారపడ్డవాడు గుండె కణం గుండన్న. పాపం, అతనికి ఒక్క కునుకు తీసే వీల్లేదు.

పక్కవీధిలో ఇంకో కణం ఉండేవాడు. మిగతా కణాలన్నీ కొంత పెరిగాక "ఇక చాలు" అని ఆగుతాయి. వాడు ఆ మాటే నేర్చుకోలేదు. ఒకడు ఇద్దరై, ఇద్దరు నలుగురై వీధంతా నిండిపోయాడు. ఇరుగుపొరుగు వాణ్ణి చాలనోడు అనేవారు. పెద్దవాళ్లు క్యాన్సర్ కణం అంటారు.

ఒకరోజు ఈ కణాలన్నీ కాపురముండే మనిషి ఉపవాసం ఉన్నాడు. చాలనోడు బొద్దమ్మ గుమ్మంలో వాలాడు.

"పిన్నీ, ఆకలి! కాస్త నూనె పొయ్యవూ?"

"నిన్న ఇద్దరున్నారు, ఇవాళ ఇంతమందేమిట్రా? పో అవతలికి!"

వాడు పోయి, గొంతు మార్చి వచ్చాడు. వేషం మార్చి ఇంకోసారి వచ్చాడు. బొద్దమ్మకి అనుమానం పట్టుకుంది. వచ్చినవాళ్లందర్నీ నిలబెట్టి, "ఎవరు నువ్వు? ఎవరి తాలూకు?" అని ఆరా తీయసాగింది. దొంగ భయం అంతే, అయినవాళ్లని కూడా గుమ్మంలో నిలబెడుతుంది.

ఆ వరసలో గుండన్న కూడా ఉన్నాడు. నిలబడీ నిలబడీ తూలాడు. "లబ్" అన్నాడు గానీ "డబ్" అనే ఓపిక లేకపోయింది. ఆ మనిషికి కళ్లు తిరిగాయి.

బొద్దమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. పరుగున వచ్చి అతని నోట్లో నూనె పోసింది. "డబ్" అని వినపడ్డాక గానీ ఆమెకు ఏడుపు రాలేదు.

ఆ పూట నుంచి ఎవర్నీ ఏమీ అడగలేదు. మన ఇళ్లలో నూనె చేతికివ్వకుండా కింద పెడతారే, అలాగే "ఆకలి" అన్న కేక వినపడగానే గిన్నె గడప మీద పెట్టి లోపలికి వెళ్లిపోయేది. ఎవరు తీసుకున్నారో చూసేది కాదు.

ఇక చాలనోడికి పండగే. కేక వాడే పెట్టేవాడు, గిన్నె వాడే ఎత్తేవాడు. వాడు బలిశాడు, బొద్దమ్మ పుల్లలా ఎండిపోయింది.

"అక్కా, సగం వాడే తాగేస్తున్నాడు. తలుపేసెయ్యి," అన్నాడు గుండన్న.

"వేస్తాను. రేపు నువ్వు ఆకలని పిలిస్తే?"

గుండన్న లబ్ డబ్ మంటూ పనిలోకి వెళ్లిపోయాడు. బొద్దమ్మ గిన్నె నింపింది.

అప్పటినుంచే ఆకలి కేక వింటే కొవ్వు ఎవరని అడగకుండా నూనె ఇచ్చేస్తుంది. అప్పటినుంచే క్యాన్సర్ జబ్బు చేసినవాళ్లు అంతలా చిక్కిపోతారు. వాళ్లని చూసి జడుసుకోకండి పిల్లలూ, దగ్గరకెళ్లి కూర్చోండి. లోపల బొద్దమ్మ ఇంకా గుండన్న కోసం గడప మీద గిన్నె పెడుతూనే ఉంది.