రొట్టెల పొయ్యి గంట

రాజుగారి రొట్టెల పొయ్యి మితిమీరి వేడెక్కితే, మైనంతో అతికించిన గంట ఊడిపడి ఖంగుమనేది. వెంటనే వంటవాళ్లు మంట ఆర్పేసేవారు. ఈమధ్య గంట రోజూ మోగుతోంది, రాజుగారికి రొట్టె దొరకడంలేదు.

"ఈ పొయ్యి కట్టిన ఎర్రక్కకి కొరడా దెబ్బలు పడాలి ప్రభూ! గంట అబద్ధమాడదు," అన్నాడు వంటశాల అధికారి దండపాణి.

నిజంగా తప్పు పొయ్యిదేనా? ఎర్రక్కకి అదేదో తేల్చుకోవాలనిపించింది. రాజుగారి ఎదుటే పొయ్యిలో రొట్టె పెట్టింది. గంట మోగగానే తీసి దండపాణికిచ్చింది.

"మాడిపోయే ఉంటుంది, కాస్త రుచి చూడండయ్యా."

"థూ, పచ్చిపిండి!" అని ఉమ్మేశాడు దండపాణి.

"మరి గంటెందుకు మోగింది?" రాజు ముందుకు వంగాడు.

"నేను పొయ్యికి అతికించిన గంటని, తనకి బాగా వినపడాలని దండపాణి అయ్యగారు తన గది కిటికీకి మార్పించుకున్నారు ప్రభూ. అక్కడ మైనం కరుగుతోంది ఎండకి. ఆ కొరడా దెబ్బలేవో సూర్యుడికి కొట్టించండి."