దుమ్ము లేని చోటు

మా పక్క ఊరి కామందు ఇంట్లో, తెర మీద వేలు పెడితే పనిచేసే కంప్యూటర్ ఉండేది. రోజూ తెరిచి, వాటంతటవే మారే ఫొటోలు చుట్టాలకి చూపించడమే గానీ, దాంతో ఇంకో పని చేసేవాడు కాదు. ఆ ఇంట్లో పాచిపని చేసే గవరమ్మకి చచ్చిపోయిన మొగుడి ఫొటో ఒక్కటే ఉంది. అదీ అందులోనే ఉంది.

ఒకరోజు వైరస్ పడి ఫొటోలన్నీ పోయాయి.

"తడిగుడ్డతో తుడిచి పాడుచేశావే! రేపట్నుంచి పనిలోకి రాకు," అని కామందు గవరమ్మ మీద విరుచుకుపడ్డాడు.

బాగుచెయ్యడానికొచ్చిన మెకానిక్, వైరస్ పడిందన్నాడు. గవరమ్మ అతన్ని అడిగింది. "ఇది రాకుండా ఏం చెయ్యాలి బాబూ?"

"అప్‌డేట్ చెయ్యమని కంప్యూటరే అడుగుతుందమ్మా. సరేనంటే వైరస్ దూరే కంతలు పూడ్చుకుంటుంది. 'తర్వాత' అన్నచోట నొక్కితే ఊరుకుంటుంది."

గవరమ్మ తెర దగ్గరికెళ్ళి చూసింది. "నేను తుడిచుంటే ఇంత దుమ్మెందుకుంటుంది బాబుగారూ? ఈ మూల మాత్రం వేలంత చోటు తళతళలాడుతోంది. ఇక్కడేముంటుంది?"

"అదే 'తర్వాత'," అన్నాడు మెకానిక్.

కామందు వేలు మడుచుకున్నాడు. "సరే, పనిలోకి రా. నీ మొగుడి ఫొటో సంగతి తర్వాత చూద్దాం."

"ఆ తర్వాతే కదా బాబుగారూ, ఆయన్ని రెండోసారి చంపింది," అని గవరమ్మ చీపురందుకుంది.