వరాళిలో మధ్యమం

నాదకిరీటం బహుమతి ప్రకటించి మూడు వారాలైంది. ఆ మూడు వారాలూ హైమవతికి తిన్నది ఒంటబట్టలేదు. బహుమతి వచ్చిందీ ఆమెకు కాదు, పోయిందీ ఆమెకు కాదు. ఎవరికివ్వాలో తేల్చిన ముగ్గురిలో ఆమె ఒకరు, అంతే.

ఏడాదిలో వచ్చిన కర్ణాటక సంగీతం ఆల్బముల్లో మేటిదానికి ఇచ్చే బహుమతి అది. ఆఖరికి రెండు ఆల్బములు మిగిలాయి. ఒకటి ‘వెన్నెలమెట్లు’, మద్రాసులో పేరుమోసిన విద్వాంసురాలు పాడింది. రెండోది ‘కాలవగట్టు’. అది నిడదవోలు దగ్గర పల్లెలో నాదస్వరం వాయించే తండ్రి దగ్గర పాట నేర్చుకున్న యుగంధర్ అనే కుర్రాడిది. మిగతా ఇద్దరు న్యాయనిర్ణేతలూ చెరో ఆల్బమూ పట్టుకుని కదలకుండా కూర్చున్నారు. తేల్చాల్సిన పని హైమవతి మీద పడింది. ఆమె ‘వెన్నెలమెట్లు’కి ఓటేసింది.

ఓటేసి ఊరుకుంటే సరిపోయేది. కారణం కూడా రాసింది. “కాలవగట్టులో వరాళి రాగం ఎత్తుకున్నప్పుడు మధ్యమం స్థానం తప్పింది. గురుముఖతః నేర్వని లోపం తెలుస్తోంది.” ఆ రెండు వాక్యాలూ పత్రికలో పొల్లుపోకుండా అచ్చయ్యాయి.

ఇంకేముంది, సంగీతం తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ కలిసి రెండు జట్లుగా విడిపోయారు. సరైన ఆల్బముకే వచ్చిందని ఒకాయన పొద్దున ఎనిమిదింటికి ఫోను గ్రూపులో రాస్తే, ఎనిమిదీ ఐదుకల్లా పదిమంది ఆయన మీద విరుచుకుపడేవారు. వాళ్ళలో సగం మంది రెండిట్లో ఏదీ విన్న పాపాన పోలేదు. హైమవతి పనిచేసే కాలేజీలో లెక్కల మాస్టార్లు కూడా మధ్యమం గురించి, అంటే సరిగమల్లో ‘మ’ గురించి, మాట్లాడుకోవటం మొదలుపెట్టారు. చివరికి రాజమండ్రి సంగీత సభవారు ఆదివారం నాడు చర్చ పెట్టారు. ‘సరైన ఆల్బమే గెలిచిందా?’ అన్నది విషయం. హైమవతి వేదిక మీద కూర్చుని జవాబు చెప్పాలి.

జవాబు ఆమె దగ్గర సిద్ధంగానే ఉంది. అడిగినవాళ్ళకల్లా తడుముకోకుండా చెబుతూనే ఉంది. కానీ ఒంటరిగా ఉన్నప్పుడల్లా ఆ కుర్రాడి మధ్యమం చెవిలో మోగుతోంది. తప్పు స్వరం అంత బాగుండటమేమిటో ఆమెకు అర్థం కావటం లేదు. ఈ మాట ఎవరితోనూ అనలేదు. యాభై రెండేళ్ళ వయసులో, ఇరవయ్యేళ్ళు సంగీతం పాఠాలు చెప్పాక, ఎవరితో అంటుంది.

అందుకని శుక్రవారం పొద్దున్నే బస్సెక్కి కోనసీమకు, తన గురువు పేరయ్య మాస్టారి దగ్గరకు బయల్దేరింది. ఆయన నోటి నుంచి ‘అవునమ్మా, మధ్యమం తప్పింది’ అన్న ఒక్క ముక్క వస్తే చాలు, ఆదివారం సభలో తలెత్తుకుని మాట్లాడవచ్చు.

మాస్టారికి ఎనభై నాలుగేళ్ళు. పంటకాలవ పక్కన ఆయన పెంకుటిల్లు. హైమవతి పదకొండేళ్ళు ఆ ఇంట్లో ఉండి పాట నేర్చుకుంది. ఆమె వెళ్ళేసరికి ఆయన ముందుగదిలో చాప మీద కూర్చుని తంబురా తీగల కింద దారాలు సవరించుకుంటున్నారు.

“రా హైమా. చిక్కిపోయేవేంటి?”

ఆయన అడిగిందే తడవుగా హైమవతి అంతా ఏకరువు పెట్టింది. ఎవరేమన్నారో, తనేమందో, గ్రూపుల్లో ఎవరెవరు ఎన్నెన్ని మాటలన్నారో, వాళ్ళకు సంగీతం ఎంతమాత్రం వచ్చో, అన్నీ చెప్పింది. మాస్టారు దారాలు సవరిస్తూనే విన్నారు. ఆమె గుక్క తిప్పుకున్నప్పుడు, “ఆ వరాళి ఏదో వినిపించు” అన్నారు.

ఫోనులో పెట్టింది. మాస్టారు చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చివరిదాకా విన్నారు. హైమవతి ఆయన మొహమే చూస్తూ కూర్చుంది. ఆ మొహంలో ఆమెకు ఏమీ దొరకలేదు.

“చెప్పండి మాస్టారూ. మధ్యమం తప్పిందా లేదా?”

“వంటింట్లో అమ్మగారు ఉప్మా చేస్తోంది. పెరట్లోకెళ్ళి రెండు రెబ్బలు కరివేపాకు కోసుకురా.”

హైమవతికి కష్టమేసింది. ఇంత దూరం వచ్చింది కరివేపాకు కొయ్యటానికా అనుకుంది. అయినా గురువుగారి మాట ఎప్పుడూ కాదనని మనిషి గనక లేచి వెళ్ళింది. వంటింట్లో మాస్టారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు ఉల్లిపాయలు తరుగుతున్నారు. ఆవిణ్ణి పలకరించి పెరట్లోకి దిగింది.

రెండో రెబ్బ తుంచుతుండగా లోపల తంబురా మోగింది. తర్వాత మాస్టారి గొంతు లేచింది. ముసలితనం వల్ల కొంచెం వణుకుతున్నా శ్రుతిలో నుంచి వెంట్రుకవాసి కదలని గొంతు అది. రెండు స్వరాలు పలికేసరికి హైమవతికి తెలిసిపోయింది, వరాళి.

ఆమె కాళ్ళు వాటంతటవే కదిలాయి. కరివేపాకు చేత్తో పట్టుకునే, దడి తలుపు తీసుకుని గబగబా కాలవ వైపు నడిచింది.

వరాళి సంగతి చెప్పుకోవాలి. ఆ రాగాన్ని గురువు శిష్యుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పితే ఇద్దరికీ పడకుండా పోతుందని పాతకాలం నుంచీ నమ్మకం. అందుకే పేరయ్య మాస్టారు ఎవరికీ నేర్పలేదు. హైమవతి పాఠానికి చేరిన మొదటి రోజునే పెద్ద శిష్యుడు వీర్రాజు ఆమెకు జాగ్రత్త చెప్పాడు. మాస్టారు వరాళి ఎత్తుకుంటే ఎదురుగా ఉండకూడదన్నాడు. ఎదురుగా ఉండకూడదన్నాడే గాని ఊళ్ళోనే ఉండకూడదనలేదు. హైమవతి మాత్రం ఆ రాగం వినబడ్డ ప్రతిసారీ కాలవ దాకా వెళ్ళి, తూము దగ్గర నీళ్ళ చప్పుడు పక్కన కూర్చుని, పాట అయిపోయి ఉంటుందనుకున్నాక తిరిగొచ్చేది.

లోపల పాట ఆగిపోయింది.

“హైమా, ఎక్కడికి?”

మాస్టారు పెరటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. హైమవతి దడి అవతలే ఆగింది.

“కాలవకండి.”

“కాలవకెందుకు?”

“మీరు వరాళి ఎత్తుకున్నారు కదండీ. వినకూడదు కదా.”

“పదకొండేళ్ళూ ఇలాగే వెళ్ళేదానివా?”

“అవునండి. ఒక్కసారి కూడా వినలేదండి.” ఈ మాట హైమవతి కొంచెం గర్వంగానే అంది.

“మరి వీర్రాజూ వాళ్ళూ ఎక్కడుండేవారు?”

వాళ్ళెక్కడుండేవారో హైమవతి ఎప్పుడూ ఆలోచించలేదు. వంటింట్లోంచి రాజ్యలక్ష్మమ్మ గారు అందుకున్నారు.

“ఇదిగో, ఇక్కడ. ఈ తలుపు వెనక గుంపుగా నిలబడి నన్ను పొయ్యి దగ్గరకి వెళ్ళనిచ్చేవారు కాదు. పప్పు మాడిపోయేది. నువ్వొక్కదానివే బుద్ధిగా బయటికిపోతున్నావని నిన్ను మెచ్చుకునేదాన్నమ్మా.”

మాస్టారికి నవ్వొచ్చింది. నవ్వు దగ్గులోకి దిగింది. గుమ్మం పట్టుకుని దగ్గు ఆగేదాకా నిలబడ్డారు.

“వరాళి ఎత్తుకున్నప్పుడు నేనంత గట్టిగా పాడింది ఎవరి కోసమనుకున్నావే?”

హైమవతి చేతిలో కరివేపాకు అలాగే ఉంది. తను వరాళి నేర్చుకున్నది పుస్తకంలో స్వరాలు చూసి. పుస్తకంలో మధ్యమం ఎక్కడుందో అక్కడే పాడింది, ఇరవయ్యేళ్ళుగా పాఠం కూడా అలాగే చెప్పింది. గురుముఖతః నేర్వలేదని పత్రికలో రాసింది కూడా ఆమే.

“తలుపు వెనక నిలబడు” అన్నారు మాస్టారు.

“మాస్టారూ, మనకి పడకుండా పోతే?”

“మధ్యలో తలుపుంది కదా. నేను నేర్పటం లేదు. నాకోసం పాడుకుంటున్నాను.”

ఆయన లోపలికి వెళ్ళి తంబురా ఒళ్ళోకి తీసుకున్నారు. హైమవతి వంటింటి తలుపు వెనక నిలబడింది. రాజ్యలక్ష్మమ్మ గారు ఆమె చేతిలోంచి కరివేపాకు తీసుకుని, పొయ్యి మంట తగ్గించి, తనూ వచ్చి పక్కన నిలబడ్డారు.

మాస్టారు తొందరపడలేదు. కింది స్వరాల్లో చాలాసేపు తిరిగారు. తర్వాత మధ్యమం దగ్గరకొచ్చారు. అది పుస్తకంలో రాసిన చోట ఆగలేదు. ఇంకాస్త పైకెళ్ళి, దాని తర్వాతి స్వరమైన పంచమాన్ని ఆనుకుని కూర్చుంది. చంటిపిల్ల తల్లి ఒళ్ళో ఒదిగినట్టు ఒదిగింది. మాస్టారు దాన్ని ఒకసారి కాదు, నాలుగైదుసార్లు పట్టుకున్నారు. తలుపు వెనక మనిషికి వినబడాలని గొంతు పెంచి మరీ పట్టుకున్నారు.

యుగంధర్ పాడింది సరిగ్గా అదే.

హైమవతికి ముందు సిగ్గేసింది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ తర్వాత ఆమెకే ఆశ్చర్యంగా, ఒళ్ళంతా తేలికైంది. మూడు వారాలుగా చెవి ఒకటి చెబుతుంటే నోటితో ఇంకోటి చెబుతోంది. ఇక ఆ అవస్థ లేదు. చెవి అబద్ధం చెప్పలేదు. తప్పు తనదేనని తేలిపోయినందుకు ఇంత హాయిగా ఉంటుందని ఎవరైనా చెబితే ఆమె నమ్మేది కాదు.

పాట అయ్యాక ముందుగదిలోకి వచ్చి కూర్చుంది.

“ఆ అబ్బాయిదే సరి మాస్టారూ. ఆదివారం సభలో చెప్పేస్తాను.”

“ఆదివారం దాకా ఎందుకు?”

హైమవతి వెంటనే ఫోను తీసింది. సంచిలో ఉన్న బహుమతి కాగితాల మీద యుగంధర్ నంబరు ఉంది. మాస్టారికి కూడా వినబడేలా ఫోను చాప మీద పెట్టింది.

“నేను రాజమండ్రి హైమవతిని బాబూ.”

“చెప్పండమ్మా.”

ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని హైమవతికి అనిపించింది.

“నీ వరాళిలో మధ్యమం సరిగ్గా ఉంది. నేను రాసింది తప్పు. నాకే ఆ స్వరం తెలియదు, ఇవాళే తెలుసుకున్నాను. సభలో అందరి ముందూ ఇదే చెబుతాను, పత్రికకి కూడా రాస్తాను.”

“ఇంకోసారి చెబుతారా అమ్మా?”

హైమవతి ఇంకోసారి చెప్పింది. యుగంధర్ ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది.

“అది మా నాన్న నేర్పిందండి. పత్రికలో పడ్డ రోజు నుంచీ ఆయన నాదస్వరం ముట్టుకోలేదు. నీకు తప్పు నేర్పేను రా, నా వల్లే నీ నోటికాడి కూడు పోయింది అంటాడు. మొన్న రెండు పెళ్ళిళ్ళకి పిలిచేరు. ఒంట్లో బాగోలేదని చెప్పి పంపించేసేడు. తప్పు కాదు నాన్నా అని నేనెంత మొత్తుకున్నా వినటం లేదండి. నీకంటే చదువుకున్న ఆవిడ కదా చెప్పింది అంటాడు.”

హైమవతి కళ్ళు నిండాయి. తను రాసిన రెండు వాక్యాలు ఎవరి ఇంట్లోకి వెళ్ళి కూర్చున్నాయో ఆమెకు ఇప్పటిదాకా తెలియదు. ఊరంతా బహుమతి గురించి కొట్టుకుంటోంది. ఆ ఇంట్లో బహుమతి మాటే లేదు.

“మీ నాన్నగారికి చెప్పు బాబూ. ఇప్పుడే చెప్పు.”

“పెట్టెయ్యకండమ్మా, ఒక్క నిమిషం” అంటూనే యుగంధర్ పరిగెత్తాడు. ఫోను ఎక్కడో బల్ల మీద వదిలేసినట్టున్నాడు. నాన్నా, నాన్నా అని పిలుస్తూ దూరంగా వెళ్తున్న గొంతు వినబడింది. తలుపు చప్పుడైంది. తర్వాత ఒక పెద్దాయన గొంతు.

“ఎవరన్నారు?”

“ఆవిడే. ఆవిడే ఫోన్ చేసి చెప్పింది. నీదే సరంట.”

హైమవతి ఫోను వైపే చూస్తూ కూర్చుంది. మాస్టారు తంబురా పక్కన పెట్టి ముందుకు జరిగారు. రాజ్యలక్ష్మమ్మ గారు చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

పెట్టె మూత తీసిన చప్పుడైంది. ఎవరో రెండుసార్లు ఊది చూసుకున్నారు. మొదటిసారి గాలి మాత్రమే వచ్చింది. రెండోసారి స్వరం వచ్చింది. మూడు వారాలుగా పలకని నాదస్వరం మెల్లగా, ఇంకా నమ్మకం చిక్కనట్టుగా, వరాళిలోకి దిగింది.

హైమవతి పైటచెంగుతో కళ్ళు తుడుచుకుంది. గుండెల మీంచి బండ దిగినట్టుంది. అయినా మూడు వారాల అలవాటు ఎక్కడికి పోతుంది, గొంతు తగ్గించి మాస్టారి వైపు వంగింది.

“మాస్టారూ, అయితే ఆ బహుమతి రావాల్సింది ఎవరికంటారు?”

మాస్టారు చెయ్యెత్తి ఆపారు. ఆయన చెవి ఫోను మీదే ఉంది.

“ఉండమ్మా, మధ్యమం రానీ.”