అయిదేసి చోట్ల కోలాటం

"గురువుగారూ, పన్నెండుకీ అయిదుకీ ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకమే లేదు. అలాంటివాటిని పక్కపక్కన పెట్టి పరస్పర ప్రధాన సంఖ్యలంటూ చుట్టరికం కలపడమెందుకు? ఏ పొత్తూ లేనివాటికి ఒకదానితో ఒకటి పనేమిటి?" అని కోదండం అడిగాడు. గణితం చెప్పే సోమయాజులుగారు అడిగిన వెంటనే జవాబిచ్చే మనిషి కారు. "సాయంత్రం కోలాటంలో చూద్దాం" అని ఊరుకున్నారు.

ఆ పాఠశాలలో పొద్దువాలితే కోలాటం. పన్నెండుమంది లోపలి వలయంలో కదలకుండా నిలబడతారు, వారికెదురుగా బయటి వలయంలో మరో పన్నెండుమంది. చరణం మారినప్పుడల్లా బయటివాళ్ళు కొన్ని చోట్లు జరిగి కొత్త జోడీతో కోలలు కలుపుతారు. కోల కలిపినవాడిని ఆ పూట పలకరించకుండా అన్నం ముట్టకూడదని అక్కడి కట్టుబాటు. ఎన్ని చోట్లు జరగాలో చెప్పే పెత్తనం లోపలి వలయంలో ఉండే కోదండానిది. కొన్నాళ్ళుగా అతను "మూడేసి" అంటున్నాడు. మూడేసి జరిగితే ఎవరికైనా నలుగురే జోడీలు, ఎంతసేపు ఆడినా మళ్ళీ ఆ నలుగురే. కోదండం ముందుకొచ్చే నలుగురిలో వరదయ్య ఉండడు.

వరదయ్య అతనికి చిన్ననాటి స్నేహితుడు. ఆమధ్య ఒకసారి కోదండం లెక్క తప్పితే అందరిముందూ పకపకా నవ్వాడు. అంతే, మాటలు బంద్. లెక్కలు వచ్చినవాడు అలిగితే అలకా లెక్కప్రకారమే సాగుతుంది మరి. చదువు ముగిసి వరదయ్య మర్నాడే ఊరికి వెళ్ళిపోతున్నాడు. ఆ మాట తలపుకొస్తే కోదండానికి ముద్ద దిగడం లేదు. అయినా తానుగా వెళ్ళి పలకరించడానికి పంతం అడ్డొచ్చింది.

ఆ సాయంత్రం అరుగుమీద కూర్చున్న గురువుగారు, "ఇవాళ అయిదేసి జరగండర్రా" అన్నారు. కోదండం గతుక్కుమన్నాడు. పాట సాగుతున్నకొద్దీ, ఇన్నాళ్ళూ తన ఎదుటికి రానివాళ్ళంతా ఒక్కొక్కరే వస్తున్నారు. ఇంకో చరణం మారేసరికి ఎదురుగా వరదయ్య. కోదండం చెయ్యి లేవలేదు.

"ఏరా, మళ్ళీ లెక్క తప్పిందా?" అన్నాడు వరదయ్య. నవ్వబోయాడు గాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తప్పిందిరా," అన్నాడు కోదండం కోల కలుపుతూ. ఆ రాత్రి ఇద్దరూ ఒకే పంక్తిలో పక్కపక్కన కూర్చుని కడుపునిండా తిన్నారు.

చేతులు కడుక్కుంటున్న కోదండం పక్కన గురువుగారు ఆగారు. "మూడూ ప్రధాన సంఖ్యే, అయిదూ ప్రధాన సంఖ్యే. పన్నెండుతో పొత్తున్నది నలుగురి దగ్గరే ఆగిపోయింది. పొత్తులేనిది ఎవరిని వదిలిపెట్టిందో నువ్వే చెప్పు."